రోజూ ఒక టారో కార్డు తీయడం అలవాటైంది, ఇప్పుడు అది చూడకుండా నిర్ణయం తీసుకోలేకపోతున్నా

వెన్నెలగడప:
ఏడు నెలలుగా రోజూ పొద్దున్నే ఒక టారో కార్డు, అదే జోస్యాలకు వాడే బొమ్మల పేకముక్క, తీస్తున్నా. జోస్యం కోసం కాదు. ఉద్యోగం పోయిన కొత్తలో డైరీ ముందేసుకుని కూర్చుంటే ఒక్క వాక్యం కదిలేది కాదు. కార్డు తీస్తే కనీసం దాని మీదున్న బొమ్మ గురించి నాలుగు ముక్కలు రాయగలిగేదాన్ని. రాస్తూ ఉంటే నా గోడు దానంతటదే బయటికొచ్చేది. ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ అనే కార్డు వచ్చిన రోజు బాగా గుర్తు. కళ్లకు గంతలు, ఒంటి చుట్టూ కట్లు, వెనకా పక్కనా నాటిన ఎనిమిది కత్తుల మధ్య ఒకమ్మాయి. చాలాసేపు చూశాక గానీ తట్టలేదు, ఆమె కాళ్లకు కట్లు లేవు, ముందు కత్తులూ లేవు. ఆ మధ్యాహ్నమే పాత టీమ్ లీడ్‌కి ఫోన్ చేసి పని అడిగా. అంతకు ముందు రెండు నెలలు ఆ ఫోన్ చేయడానికి సిగ్గుపడ్డా.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న ఒక ఆఫర్ వచ్చింది. ఈ వారంలోపు జవాబు చెప్పాలి. మెయిల్ చదివి వెంటనే కార్డు తీశా. టవర్ వచ్చింది. పిడుగు పడి, నిప్పంటుకుని, ఇద్దరు మనుషులు తలకిందులుగా పడిపోతున్న బొమ్మ. ల్యాప్‌టాప్ మూసేశా. ఇంకో కార్డు తీశా. అదీ నచ్చలేదు. మొత్తం పదకొండు తీశా. పదకొండో కార్డు చేతిలో పట్టుకున్నప్పుడు నన్ను చూస్తే నాకే భయమేసింది.

కార్డులతో, పురాణాలతో, మంత్రతంత్రాల ఊహలతో ఇవాళ్టి బతుకును అర్థం చేసుకోవడం మంచిదేనా? మంచిదైతే ఎక్కడ ఆగాలి? నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఇద్దరూ చెప్పండి.

తర్కవేది:
ఆపేయండి. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన క్లాసులో 39 మందికి ఒక పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకని చెప్పి కాగితాలు పంచాడు. మీకు ఎంత బాగా సరిపోయిందో అయిదుకి మార్కులు వేయండి అంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులో వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. మీ ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ కూడా అంతే. ఆ రోజు వేరే కార్డు వచ్చినా మీరు ఫోన్ చేసి ఉండేవారు.

నీలిచుక్క:
@తర్కవేది, ఆవిడ రెండు నెలలు ఫోన్ చేయలేదని పైనే రాశారు కదా. అరవై రోజులు రాని ధైర్యం ఆ రోజు వచ్చింది. అది కార్డు మహిమని ఎవరూ అనడం లేదు. వచ్చిందన్నది నిజం.

తర్కవేది:
వచ్చిందని ఒప్పుకుంటా. కానీ పదకొండు కార్డులు తీయించింది కూడా అదే డెక్, అదే కార్డుల కట్ట.

పాతకాగితం:
ఈ కార్డుల పుట్టుక తెలిస్తే వాటి మీద భయం చాలావరకు పోతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

టారో మొదట పేకాటే. పేకముక్కలు ఈజిప్టును ఏలిన మామ్లూకుల దగ్గర్నుంచి 1370ల ప్రాంతంలో ఐరోపాకు చేరాయి. గిన్నెలు, నాణేలు, కత్తులు, పోలో ఆడే కర్రలు, ఇవి వాళ్ల గుర్తులు. పోలో అంటే తెలియని ఐరోపా వాళ్ల చేతుల్లో ఆ కర్రలు దుడ్డుకర్రలైపోయాయి. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో దీనికి బొమ్మల ముక్కలు అదనంగా చేర్చి, అవి మిగతా వాటిని కొట్టేలా కొత్త ఆట కట్టారు. అదే టారో. మొత్తం 78: మేజర్ ఆర్కానా అనే బొమ్మల ముక్కలు ఇరవై రెండు, మైనర్ ఆర్కానా అనే మామూలు ముక్కలు యాభై ఆరు. మిలాన్ పాలకుల కోసం చేతితో చిత్రించిన విస్కోంటి-స్ఫోర్జా ముక్కల్లో ఇప్పుడు 74 మిగిలాయి. దొరకని నాలుగింట్లో డెవిల్, టవర్ ఉన్నాయి. వెన్నెలగడప గారూ, మీరు ఆ డెక్ వాడి ఉంటే మొన్న టవర్ వచ్చేదే కాదు.

మూడు వందల ఏళ్లకు పైగా దాన్ని ప్రధానంగా ఆటగానే ఆడుకున్నారు. 1781లో కూర్ ద జెబెలిన్ అనే ఫ్రెంచి పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమని రాశాడు. అప్పటికి ఈజిప్టు లిపి చదవగలిగినవాడే లేడు. షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు దాన్ని ఛేదించింది 1822లో. చదివాక అందులో టారో ఊసే లేదు. కానీ ఈలోగా కథ జనంలోకి వెళ్లిపోయింది. ఆలియెట్ అనే ఆయన తన పేరునే వెనక నుంచి రాసుకుని ఎతెయ్యా అయ్యాడు, జోస్యం కోసమే ప్రత్యేకంగా డెక్ తయారుచేశాడు. ఆ తర్వాత ఎలిఫాస్ లెవీ అనే మంత్రతంత్రాల రచయిత ఇరవై రెండు ముక్కలకూ ఇరవై రెండు హీబ్రూ అక్షరాలకూ ముడిపెట్టాడు.

అంటే మనం అనాది రహస్యం అనుకునేది మహా అయితే రెండున్నర వందల ఏళ్ల నాటిది. నాకు దీనివల్ల గౌరవం తగ్గలేదు. పేకముక్కల్లో మనుషులు ఇంత అర్థం పోశారంటే ముచ్చటేస్తుంది.

నీలిచుక్క:
మీరు వదిలేసిన మనిషి పేరు నేను చెప్తా. మనలో చాలామంది వాడేది 1909 నాటి డెక్. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, డెబ్భై ఎనిమిది బొమ్మలూ వేసింది పమేలా కోల్మన్ స్మిత్. అంతకు ముందు చాలా డెక్కుల్లో మైనర్ ఆర్కానా అంటే వట్టి లెక్కే, అయిదు గిన్నెలంటే అయిదు గిన్నెలే. ఆమె చాలా ముక్కల్లో ఒక మనిషిని, ఒక సన్నివేశాన్ని పెట్టింది. ఫైవ్ ఆఫ్ కప్స్‌లో నల్ల దుప్పటి కప్పుకుని ఒలికిపోయిన మూడు గిన్నెల వైపు చూస్తూ నిలబడ్డ మనిషి, వెనక ఒలకని రెండు గిన్నెలు. ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ అమ్మాయీ ఆమె చేతిలోదే. పెద్ద పని, డబ్బు మాత్రం చాలా తక్కువ అని అదే ఏడాది ఒక ఉత్తరంలో రాసుకుంది. 1951లో పేదరికంలోనే పోయింది. చాలాకాలం డెక్ పేరులో ప్రచురణకర్త ఉన్నాడు, వెయిట్ ఉన్నాడు, ఆమె లేదు. ముక్కల మూలల్లో మాత్రం చిన్న సంతకం ఉంటుంది. మీ డెక్ తీసి వెతకండి.

వెన్నెలగడప:
ఇప్పుడే చూశా. ఏడు నెలలుగా రోజూ పట్టుకుంటున్నా, ఆ సంతకం ఒక్కసారీ చూడలేదు.

కథలపేటిక:
తర్కవేది గారికి ఒక మాట. పురాణంతో బతుకును చదవడం కొత్తగా ఎవరో తెచ్చిపెట్టిన ఫ్యాషన్ కాదు. తెలుగులో నోరు తెరిస్తే అదే పని. మీటింగులో మన పక్కనే కూర్చుని మన ప్రతిపాదననే నీరుగార్చేవాణ్ణి చూసి శల్య సారథ్యం అంటాం. ఆ రెండు మాటల్లో ఎంత ఉందో చూడండి. శల్యుడు కర్ణుడి రథం తోలుతూనే అతని మనసు విరగ్గొడతానని ముందే ధర్మరాజుకి మాటిచ్చాడు. పగ్గాలు అతని చేతిలో, నాలుక అవతలి పక్షానిది. ఆఫీసులో అలాంటివాణ్ణి నేను ఏడాదిపాటు భరించా, నాకేం జరుగుతోందో తెలియక. ఒక స్నేహితురాలు ఆ మాట అన్నాక ఒక్కసారిగా అర్థమైంది. మందు దొరకలేదు గానీ జబ్బుకి పేరు దొరికింది. ఆ తర్వాత అతనితో ఒంటరిగా ప్లాన్ చర్చించడం మానేశా.

సైంధవుడిలా అడ్డుపడటం, భస్మాసుర హస్తం, రావణకాష్ఠం, భగీరథ ప్రయత్నం. ఇవి కూడా కార్డులే. పెట్టెలో కాకుండా నోట్లో ఉన్నాయంతే.

వెన్నెలగడప గారి ఏడు నెలల గురించి చదివితే నాకు హ్యాంగ్డ్ మ్యాన్ కార్డు, త్రిశంకుడు ఇద్దరూ కలిసి గుర్తొచ్చారు. ఇద్దరూ తలకిందులే. వాల్మీకి రామాయణంలో త్రిశంకుడు తల కిందికి వేలాడుతూ ఆకాశంలో నిలిచిపోతాడు. విశ్వామిత్రుడు పైకి పంపాడు, ఇంద్రుడు కిందికి తోశాడు, ఇద్దరి పంతం మధ్య ఇరుక్కున్నాడు. కార్డులో మనిషి ఒంటికాలి మీద వేలాడుతున్నా ముఖం ప్రశాంతంగా ఉంటుంది, తల చుట్టూ వెలుగు కూడా. ఒకే భంగిమ, రెండు బతుకులు. ఉద్యోగం లేని రోజుల్లో నేను త్రిశంకుణ్ణా, ఆ రెండోవాణ్ణా అని అడుక్కుంటే వచ్చే జవాబు ఏ జోస్యుడూ చెప్పలేడు.

గాలిపటం:
త్రిశంకుడి ముక్క నా డైరీలోకి ఎక్కించేశా. నోటీస్ పీరియడ్‌లో ఉన్నా, సరిగ్గా అదే భంగిమ!

తర్కవేది:
@కథలపేటిక, శల్యుడి ఉదాహరణ బాగుంది, వాదించను. కానీ తేడా గమనించండి. మీకు ముందు అనుభవం ఉంది, తర్వాత కథ వచ్చి అమరింది. టారోలో ముందు ముక్క వస్తుంది, అదీ గుడ్డిగా. తర్వాత అనుభవాన్ని దానికి తగ్గట్టు వంచుతాం. గ్రీకు కథలో ప్రొక్రస్టీస్ అనేవాడు అతిథుల్ని మంచానికి సరిపోయేలా కాళ్లు నరికేవాడు, పొట్టిగా ఉంటే సాగదీసేవాడు. నా అభ్యంతరం ఆ మంచం గురించే.

కథలపేటిక:
అభ్యంతరం చెప్పడానికి కూడా మీకో పురాణమే కావాల్సి వచ్చింది, చూశారా :)

తర్కవేది:
దొరికిపోయా.

కోడ్‌కుమ్మరి:
మంత్రం సంగతి ఎవరూ ముట్టుకోలేదు, నేను ముట్టుకుంటా. సాఫ్ట్‌వేర్ పని నాది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మలినోవ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి ఒక విషయం గమనించాడు. లోపలి మడుగులో చేపలు పట్టేవాళ్లు మంత్రాల జోలికి పోరు. అక్కడ ప్రమాదం లేదు, చేపలు తప్పకుండా పడతాయి. అదే మనుషులు నడిసముద్రంలోకి వెళ్లేముందు మాత్రం పెద్ద తతంగం చేస్తారు. వాళ్లకు పడవ కట్టడం రాకనా? బ్రహ్మాండంగా వచ్చు. నైపుణ్యం ఆగిపోయే చోట మంత్రం మొదలవుతుంది.

మా టీమ్‌లో చూడండి. లోకల్ మెషిన్ మీద టెస్టులు రన్ చేసేటప్పుడు ఎవరికీ ఏ పట్టింపూ లేదు. పెద్ద రిలీజ్ రాత్రి మాత్రం ఒకాయన అదే కుర్చీలో కూర్చుంటాడు, ఇంకొకావిడ ఆ బటన్ తనే నొక్కాలంటుంది. వీడియోలు పెట్టేవాళ్లు అల్గారిథమ్ గురించి మాట్లాడే తీరు వినండి. దానికి ఏది నచ్చుతుంది, దేనికి అలుగుతుంది, ఏ వేళకు పోస్ట్ చేస్తే కరుణిస్తుంది. అచ్చంగా దేవత గురించి మాట్లాడినట్టే. నేను తప్పు పట్టడం లేదు. లోపల ఏం జరుగుతోందో కనపడని శక్తి చేతిలో అన్నం ఉన్నప్పుడు మనిషి ఇంకెలా మాట్లాడతాడు?

అందుకే వెన్నెలగడప గారిని ఒకటే అడుగుతా. ఈ ఆఫర్‌లో మీకు మడుగు ఏది, నడిసముద్రం ఏది? జీతం, పని, ఎవరి కింద అన్నవి మడుగు, అడిగితే తెలుస్తాయి. వాటి కోసం కార్డు తీయక్కర్లేదు.

నీలిచుక్క:
ఈ పోస్ట్ దాచుకుంటున్నా.

అర్ధరాత్రిదీపం:
నా అనుభవం చెప్పాలా వద్దా అని పొద్దుట్నుంచి ఆలోచిస్తున్నా. విడిపోయిన మనిషి తిరిగొస్తాడా అని ఆన్‌లైన్‌లో కార్డులు చదివి చెప్పే ఒక రీడర్‌ని అడిగా. వస్తాడు, కానీ మధ్యలో ఒక అడ్డు ఉంది, అది తొలగాలి అన్నారు. నెలకోసారి అడిగా, తర్వాత వారానికోసారి. ప్రతిసారీ దగ్గర్లోనే ఉంది అనేవారు. పద్నాలుగు నెలలు. అతనికి పెళ్లయిన సంగతి నాకు వేరేవాళ్ల ద్వారా తెలిసింది. అది చెప్తే ఆ రీడర్ అన్న మాట, మీ నమ్మకం సరిపోలేదు అని.

డబ్బు పోయింది, దానికన్నా ఆ పద్నాలుగు నెలలు పోయాయి. దుఃఖపడాల్సిన కాలమంతా ఎదురుచూస్తూ గడిపేశా. అర్థం చేసుకోవడానికి వాడటం, ఆశను వాయిదాల్లో కొనుక్కోవడం బయటికి ఒకేలా కనిపిస్తాయి. లోపలున్నప్పుడు నాకు తేడా తెలియలేదు. ఎవరికైనా ఉపయోగపడుతుందని రాశా.

నీలిచుక్క:
రాసినందుకు థాంక్స్. మీ నమ్మకం సరిపోలేదు అన్న మాట క్రూరం. మీ తప్పు రవ్వంత లేదు.

తర్కవేది:
నేను మొదట్నుంచీ ఇంత గట్టిగా మాట్లాడేది ఇలాంటివి చూసే. మా ఇంట్లోనూ ఒకరు ఇలాగే నష్టపోయారు.

డెబ్భైఎనిమిదోముక్క:
పన్నెండేళ్లుగా కార్డులు చదువుతున్నా, వేరేవాళ్లకు కూడా. అర్ధరాత్రిదీపం గారు చెప్పింది చదివి సిగ్గేసింది, మా పనిలో ఇది ఉంది. తిరిగొస్తాడా, గెలుస్తానా, తగ్గుతుందా లాంటి ప్రశ్నలు నేను తీసుకోను. జబ్బుకి డాక్టరు, దావాకి లాయరు. ఎదుట లేని మనిషి మనసులో ఏముందో కూడా చదవను. అది ముక్కలకు తెలియదు, నాకూ తెలియదు.

వెన్నెలగడప గారి పదకొండు ముక్కల గురించి. రెండో ముక్క తీసిన క్షణంలో చదవడం ఆగిపోయింది, బేరం మొదలైంది. నచ్చింది వచ్చేదాకా తీస్తే మీ భయానికి మీరు లంచం ఇస్తున్నట్టే. నేను పాటించేది ఇది: ఒక ప్రశ్నకి ఒక ముక్క. పుస్తకంలో అర్థం చూడకముందే బొమ్మలో నాకేం కనిపిస్తోందో రాస్తా. ముందు ఏ మూలకి చూపు పోయింది, ఏ మనిషి నేను అనిపించింది. అదే ప్రశ్న మళ్లీ అడగాలంటే బయట ఏదో ఒకటి మారి ఉండాలి. నేను ఒక పని చేసి ఉండాలి.

ఇక టవర్. కొత్తవాళ్లంతా దానికి జడుసుకుంటారు. డెత్ కార్డు అంటే కూడా. తెల్ల గుర్రం మీద అస్థిపంజరం కనిపించగానే ప్యాక్ మూసేస్తారు, వెనక రెండు స్తంభాల మధ్య సూర్యుడున్నాడని చూడరు. టవర్‌లో పడిపోతున్నది గోపురం. ఆ గోపురం ఏది అన్నది మీరే చెప్పాలి. కొత్త ఉద్యోగమే అని ఎందుకు అనుకున్నారు? పోయిన ఉద్యోగం కావచ్చు. ఈ ఏడు నెలలు మీరు కట్టుకున్న, బయటికి అడుగుపెట్టనక్కర్లేని గూడు కావచ్చు.

తర్కవేది:
అంటే ఏదైనా కావచ్చు అన్నమాట. నేను మొదటి పోస్టులో చెప్పిందే కదా.

డెబ్భైఎనిమిదోముక్క:
అవును, ఏదైనా కావచ్చు. అందుకే జోస్యంగా అది పనికిరాదు. ప్రశ్నగా మాత్రం పనికొస్తుంది.

ఎండమావి:
పురాణం సురక్షితం, కార్డులే ప్రమాదం అన్నట్టుంది కొందరి ధోరణి. నేను ఒప్పుకోను. పదేళ్లు నన్ను నేను కర్ణుడనుకున్నా. అన్నిచోట్లా అన్యాయం, అర్హత ఉన్నా గుర్తింపు లేదు, పుట్టుకే శాపం, గురువే శపించాడు. ప్రమోషన్ రాకపోతే కర్ణుణ్ణి, స్నేహితుడు పిలవకపోతే కర్ణుణ్ణి. ఆ కథలో ఉండటం ఎంత సుఖంగా ఉంటుందంటే, ఓడిపోయిన ప్రతిసారీ మన విలువ పెరిగినట్టుంటుంది.

నేను మనసులో పెట్టుకున్న కర్ణుడిలో రెండు ఘట్టాలు లేవు. కురుసభలో ద్రౌపదిని నోటికొచ్చినట్టు మాట్లాడిన కర్ణుడు లేడు. యుద్ధానికి ముందు కృష్ణుడు జన్మరహస్యం చెప్పి, ఇటు వచ్చెయ్, రాజ్యం నీదే అన్నప్పుడు ఆలోచించి మరీ కాదన్న కర్ణుడూ లేడు. అవి చేర్చి చదివాక నా పదేళ్లు వేరేలా కనిపించాయి. నేను నోరు జారిన సభలు గుర్తొచ్చాయి. నాకు దారి చూపించినవాళ్లు, నేను కాదన్నవాళ్లు గుర్తొచ్చారు. ఇద్దరికి ఫోన్ చేసి క్షమాపణ అడిగా. ఒకరు మాట్లాడారు.

కథలపేటిక:
ఇంత నిజాయితీగా రాసిన పోస్ట్ ఈ మధ్య చదవలేదు. పాత్రను ఎంచుకోవడం తేలిక, ఆ పాత్ర మొత్తం కథ చదవడమే కష్టం. నేను కూడా శల్యుడి కథను నాకు అనుకూలంగా కత్తిరించే చెప్పా. అతణ్ణి దుర్యోధనుడు విందులతో మోసగించి తన వైపు తిప్పుకున్నాడు. నా శల్యుడి వెనక ఏ విందు ఉందో నేనెప్పుడూ అడగలేదు.

పాతకాగితం:
ఆ కత్తిరింపులు మనం పుట్టకముందు నుంచే ఉన్నాయి. ఇవాళ ఎవరైనా హద్దు గీస్తే లక్ష్మణరేఖ అంటాం కదా, వాల్మీకి రామాయణంలో ఆ గీతే లేదు. తర్వాతి కథల్లో వచ్చింది. అభిమన్యుడు తల్లి కడుపులో ఉండగా పద్మవ్యూహం గురించి విన్నాడన్నది కూడా జనం కథే. వ్యాసభారతంలో, చొరబడటం తండ్రి నేర్పాడు, బయటికి రావడం తెలియదు అని అతనే చెప్తాడు. జనానికి అవసరమైన చోట కథ పెరిగింది.

గాలిపటం:
లక్ష్మణరేఖ వాల్మీకిలో లేదా?! ఇప్పుడు ఎవరికి చెప్పినా నాతో గొడవే.

కోడ్‌కుమ్మరి:
వెన్నెలగడప గారూ, ఏమైంది? వారం అయిపోతోంది.

వెన్నెలగడప:
అన్నీ రెండుసార్లు చదివా. అర్ధరాత్రిదీపం గారి పోస్ట్ మూడుసార్లు.

డెబ్భైఎనిమిదోముక్క గారు చెప్పినట్టు కొత్త ముక్క తీయకుండా అదే టవర్ బల్ల మీద పెట్టుకుని, పుస్తకం తెరవకుండా రాశా. నా చూపు పిడుగు మీదికి పోలేదు, మంటల మీదికీ పోలేదు. పడిపోతున్న ఇద్దరి మీద ఆగింది. ఇద్దరికీ ముందుగా ఎవరూ ఏమీ చెప్పలేదు, అని రాశా. రాశాక చాలాసేపు ఏడ్చా. పోయినసారి మమ్మల్ని తీసేసినప్పుడు పొద్దున లాగిన్ పనిచేయకపోతే తెలిసింది నాకు. నా భయం ఈ ఆఫర్ గురించి కాదు. మళ్లీ అలా తెలియడం గురించి.

అప్పుడు కోడ్‌కుమ్మరి గారి మడుగు గుర్తొచ్చింది. ఇది అడిగితే తెలిసే విషయమే కదా. వాళ్లకు మెయిల్ పెట్టా: గత ఏడాది ఈ టీమ్‌లోంచి ఎంతమందిని తీసేశారు, ఎంత ముందు చెప్పారు, నోటీసు ఎంత. మెయిల్ పంపేముందు చేతులు వణికాయి, ఇలా అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో అని. మేనేజర్ ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. ఇద్దర్ని, ఆరు వారాల ముందు చెప్పి, అన్నారు. వాళ్లిద్దరిలో ఒకరి నంబర్ కూడా ఇచ్చారు. మాట్లాడా. సోమవారం చేరుతున్నా.

డెక్ పారేయలేదు. రోజూ తీయడం మాత్రం ఆపేశా, ఆదివారం ఒక్కటే.

అర్ధరాత్రిదీపం:
లాగిన్ పనిచేయకపోతే తెలియడం... చదువుతుంటే గొంతు పట్టేసింది. సోమవారం ఎలా జరిగిందో ఇక్కడే రాయండి.

తర్కవేది:
ఎంతమందిని తీసేశారు, ఎంత ముందు చెప్పారు అన్న ఆ రెండు ప్రశ్నలు నేను రాసిపెట్టుకుంటున్నా. వచ్చే నెల నాకూ ఇంటర్వ్యూ ఉంది.

డెబ్భైఎనిమిదోముక్క:
వెళ్లేముందు కార్డు తీసి పెట్టనా? :)

తర్కవేది:
వద్దండి. శల్యుణ్ణి మాత్రం వెంట తీసుకెళ్లను, అది చాలు.